విమానం పోయేదాకా ఆగిన గొంతు

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. మా ఆడబిడ్డ తన ఇంట్లో ఏదో గాలి తిరుగుతోందని గుమ్మానికి నిమ్మకాయలు కడితే, వాటిని కోసి పులిహోర కలుపుకోమని చెప్పింది నేనే. ఆమె ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. దానికీ నవ్వాను.

ఇప్పుడు ఇది రాస్తున్న సంగతి ఆమెకు తెలియకపోతేనే మంచిది. తెలిస్తే నన్ను బతకనివ్వదు.

మాది శంషాబాద్. ఇక్కడ విమానాశ్రయం రాకముందు నుంచీ మా వాళ్ళు ఇక్కడే ఉన్నారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పదో తరగతి దాకా చదువుకున్నాను. మా ఆయన మల్లేశం ఎయిర్‌పోర్ట్ ట్యాక్సీ నడిపేవాడు. షుగర్ వల్ల ఆయనకు రెండు కళ్ళూ పోయాయి. ఒక్కరోజులో పోలేదు. ముందు బోర్డుల మీది అక్షరాలు పోయాయి, తర్వాత ఎదురుగా వచ్చే బండ్లు, ఆఖరికి మా మొహాలు. నాలుగేళ్ళ కిందట దవాఖానలో పెద్ద డాక్టర్ ఇక చేయగలిగిందేమీ లేదని చెప్పేశాడు.

మర్నాడు ఆయన అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని అలాగే కూర్చున్నాడు. ఆయనకు పేపరంటే ప్రాణం. ట్యాక్సీ లైన్లో తన వంతు వచ్చేదాకా మొదటి పేజీ నుంచి ఆఖరి ప్రకటన దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివేవాడు. ఏం చేయాలో తోచక నేను పేపర్ విప్పి పైకి చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు చూస్తే పేపర్ నిండా యాక్సిడెంట్లూ చావులే. చదువుతున్నకొద్దీ ఆయన మొహం ఇంకా నల్లబడుతోంది.

అప్పుడు నాకేం పుట్టిందో తెలియదు. “ఇంకొక్కటుంది” అని, పేపర్‌లో లేని వార్త ఒకటి నోటికొచ్చినట్టు చదివాను. హిమాయత్ సాగర్‌కు చెందిన ఒక బర్రె ఆరాంఘర్ చౌరస్తాలో గంటసేపు బస్సు కోసం నిలబడింది, మూడు బస్సులు వచ్చినా ఎక్కలేదు, సీటు దొరకదని దానికి ముందే తెలుసునని స్థానికులు చెబుతున్నారు. ఇదీ వార్త.

ఆయన నవ్వాడు. చిన్న నవ్వే, కానీ నవ్వాడు. కాసేపటికి అన్నం పెట్టమన్నాడు.

ఆ రోజు నుంచి అది మాకు ఆనవాయితీ అయింది. పొద్దున పదింటికి టిఫిన్లు అయ్యాక ఆయన వరండాలో నులకమంచం మీద కూర్చుంటాడు. నేను పేపర్ చదువుతాను. చావులు, కళ్ళ జబ్బుల మాటలు దాటేస్తాను. చివర “ఇంకొక్కటుంది” అని బర్రె వార్త ఒకటి కల్పించి చెబుతాను. ఆ బర్రె ఎన్ని ఊర్లు తిరిగిందని! విమానం ఎక్కడానికి వెళ్ళి ఆధార్ కార్డు లేదని గేటు దగ్గరి నుంచే వెనక్కి వచ్చింది. పెళ్ళి ఊరేగింపులో దూరి బ్యాండ్ వాళ్ళ వెంట నడిచింది. ఆయన నిజమని నమ్ముతున్నాడనే నేను అనుకునేదాన్ని.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. మా ఇంటి మీదుగా విమానాలు దిగుతాయి. ఆ మోతలో మాట వినపడదు. విమానం వస్తుంటే ఆయన చూపుడు వేలు పైకెత్తేవాడు. నేను వాక్యం మధ్యలో ఉన్నా ఆగిపోయేదాన్ని. మోత తగ్గగానే వేలు దించేవాడు, నేను వదిలిన మాట దగ్గరి నుంచి అందుకునేదాన్ని. మూడేళ్ళు ఇలాగే చదివాం. చదివాం అనే అంటాను. అందులో ఆయన పని కూడా సగం ఉంది.

పోయిన ఏడాది మా అమ్మాయి స్వప్న అత్తాపూర్ నుంచి వచ్చి వాళ్ళ బాపుకు కొత్త ఫోన్ ఇచ్చింది. తెర మీద వేలు పెడితే అక్కడ ఏముందో పైకి చదువుతుంది. మెసేజ్‌లు చదువుతుంది, పేపర్ మొత్తం చదువుతుంది. ఆడగొంతు. మన తెలుగే, కానీ ఏ ఊరిదో చెప్పలేని తెలుగు. ‘ఆయన మరణించారు’ అన్నా ‘వర్షం కురిసింది’ అన్నా ఒకేలా అంటుంది.

ఈ గొంతు మూడు రోజుల కంటే ఎక్కువ నిలవదని నేను పందెం కట్టాను. వారం తిరిగేసరికి ఆయన దాన్ని ఆడించడం మొత్తం నేర్చుకున్నాడు. ఒక వేలు తాకిస్తే ఒక పని, రెండుసార్లు కొడితే ఒక పని, రెండు వేళ్ళతో జరిపితే ఇంకో పని. చదివే వేగం పెంచుకుంటూ పోయాడు. చివరికి అది ఎంత జోరుగా చదివేదంటే, నూనెలో ఆవాలు పేలినట్టు చప్పుడే తప్ప నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయనకు మాత్రం అన్నీ అర్థమయ్యేవి. నా ఎదురుగానే కూర్చుని, నాకు రాని భాషలో ఒక ఆడదానితో ముచ్చట పెట్టినట్టుండేది.

ఒకరోజు స్వప్నకు ఫోన్‌లో చెబుతుంటే విన్నాను.

“మంచిగ చదువుతది బిడ్డా. మీ అమ్మ లెక్క దగ్గదు, ఆవలించదు. జల్ది జల్ది చదివి పడేస్తది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు గొంతు అరగదీసుకుంటే నాకు మిగిలిన పేరు ఇదా! మర్నాడు పదింటికి నేను పేపర్ పట్టుకుని వరండాలోకి వెళ్తే, ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. “ఇగ నువ్వు నీ పని చూస్కోరాదే” అన్నాడు. నేను పేపర్ మడత విప్పకుండానే బీరువా మీద పడేశాను.

నాది కుళ్ళే. దాచుకోను. మిషన్ మీద కుళ్ళుకునే ఆడదాన్ని ఎక్కడా చూడకపోతే నన్ను చూడండి. ఆ ఫోన్‌ను ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. అది మోగితే పక్క గదిలోకి పోయేదాన్ని. “నీ సవతి పిలుస్తుంది, పో” అని ఆయనతో అనేదాన్ని. స్వప్న పడీపడీ నవ్వేది. “అమ్మా, గది మిషినే. దానికి మొగుడెందుకు?” అనేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. బియ్యం కడుగుతుంటే, కూరగాయలు తరుగుతుంటే బర్రె వార్తలు వాటంతటవే పుట్టేవి. చెప్పడానికి ఎవరూ లేక నాలోనే ఉండిపోయేవి.

రెండు నెలలు ఇలా గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఇయర్‌ఫోన్లు తీసి బియ్యం డబ్బాలో అడుగున కుక్కేశాను. నేర్చుకున్న కొత్తలో తప్ప స్పీకర్‌లో పెట్టుకుని వినడం ఆయనకు ఇష్టం ఉండదు. మన ఇంటి ముచ్చట్లు వాడకట్టంతా వినాలా అంటాడు. ఇయర్‌ఫోన్లు లేకపోతే తిరిగి నా దగ్గరికే వస్తాడని నా ఆశ.

సోమవారం పొద్దున స్నానం చేస్తుంటే, చేతికున్న రెండు ఆకుపచ్చ గాజుల్లో ఒకటి సబ్బు నురగతో పాటు జారి రాయి మీద పడి పగిలింది. ముక్కలు నేనే ఏరి పారేశాను. బియ్యం కడుగుతున్నప్పుడు దాని మీదే ఒక వార్త పుట్టింది. బర్రె అత్తాపూర్‌లో గాజుల దుకాణం ముందు నిలబడి కుడి కొమ్ముకు ఒక్క ఆకుపచ్చ గాజు వేయించుకుందట. రెండోది వద్దందట, రెండు కొమ్ములకూ వేస్తే ఎవరి పెళ్ళికి అని అందరూ అడుగుతారని. నాలో నేనే నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పదింటికి ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఫోన్ పక్కన స్టూల్ మీద ఉంది. నేను లోపలి గుమ్మం దగ్గర కూర్చుని ఒక పట్టు జాకెట్‌కు చేతికుట్టు వేస్తున్నాను. ఆ గంటలో కుట్టుమిషన్ తొక్కను, చదివే రోజుల నుంచి ఉన్న అలవాటు. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని ఉన్నాను. ఈ సూదుల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ గొంతు చదవడం మొదలుపెట్టింది. ఇయర్‌ఫోన్లు దొరక్క స్పీకర్‌లో పెట్టుకున్నాడనుకున్నాను. ఆవాలు పేలినట్టు కాకుండా, నిదానంగా, నాకు అర్థమయ్యేలా చదువుతోంది. మా వైపు రెండు రోజులు నల్లా నీళ్ళు రావని ఒక వార్త. కూరగాయల మార్కెట్ గురించి ఒకటి. మధ్యలో విమానం వచ్చింది. ఆయన వేలు పైకి లేచింది.

గొంతు ఆగింది.

ఫోన్‌కు వేలు కనిపించదు కదా. కొత్తలో స్పీకర్‌లో విన్న రోజుల్లో ఎన్ని విమానాలు వచ్చినా అది ఆగిన పాపాన పోలేదు. మోత తగ్గింది, వేలు దిగింది, గొంతు వదిలిన మాట దగ్గరి నుంచి అందుకుంది. చివరికి “ఇంకొక్కటుంది” అంది.

తర్వాత బర్రె వార్త చదివింది. అత్తాపూర్, గాజుల దుకాణం, కుడి కొమ్ము, ఒక్క ఆకుపచ్చ గాజు, రెండోది ఎందుకు వద్దందో అది కూడా. ఒక్క మాట పొల్లుపోలేదు.

ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. అది నా నవ్వు. నేను మూడేళ్ళు పెంచుకున్న నవ్వు.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుళ్ళే. నా గంట తీసుకుంది, నా మొగుడి చెవులు తీసుకుంది, ఇప్పుడు నా నోట్లోంచి రాని మాట కూడా తీసుకుందా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సూదులు డబ్బీలో పెట్టి, గేటు దగ్గర పడి ఉన్న ఆ రోజు పేపర్ తెచ్చాను. దాని మడత ఇంకా ఎవరూ విప్పలేదు. విప్పి చూస్తే నల్లా నీళ్ళ వార్త ఉంది, మార్కెట్ వార్త ఉంది. బర్రె వార్త ఎక్కడ ఉంటుంది!

ఆ రోజంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిద్ర తక్కువైంది, చెవులు మోసం చేశాయి అనుకున్నాను. అయినా మంగళవారం పరీక్ష పెట్టాలని ఒక వార్త కావాలనే కట్టాను. ఆయనకు నేను ఎన్నడూ చెప్పలేని వార్త. బర్రె కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది, అద్దాలు పెట్టుకుని హిమాయత్ సాగర్ నీళ్ళలో మొహం చూసుకుంది, ‘ఇన్నేండ్లు నా ఎంబడి తిరిగింది ఈమెనా’ అని ఆశ్చర్యపోయింది. కళ్ళ మాట ఆయన ముందు ఎత్తితే నా నాలుక తెగిపోవాలని అనుకునేదాన్ని. అందుకే అది ఎంచుకున్నాను. ఇది ఎవరూ ఊహించలేరు.

పదింటికి మళ్ళీ అదే గొంతు. మళ్ళీ నా పెదాల మధ్య సూదులు. విమానాలు రెండు వచ్చాయి, రెండుసార్లూ ఆగింది. “ఇంకొక్కటుంది” అని కళ్ళద్దాల వార్త మొత్తం చదివింది.

ఆయన ఏడుస్తాడేమోనని చూశాను. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. “అరె వా” అన్నాడు. ఆయన మనసు నొప్పిస్తుందేమోనని మూడేళ్ళు నేను దాచిన మాటను అది ఒక్క నిమిషంలో చెప్పేసి, నవ్వించి, మెప్పు కొట్టేసింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. ఆయన అడిగితే కడుపు నొప్పి అన్నాను.

బుధవారం నేను చేసింది చెప్పడానికి సిగ్గేస్తుంది. బర్రెను చంపేశాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లారీ కింద పడి చచ్చిపోయిందని, కొమ్ముకున్న గాజు పగిలి రోడ్డంతా చెల్లాచెదురైందని కట్టాను. చదువు, నీ నోటితో చదువు, ఆయన మొహం నల్లబడితే అప్పుడు తెలుస్తుంది నువ్వేంటో అని కసిగా అనుకున్నాను. ఆయన బాధపడతాడని తెలుసు. తెలిసే కట్టాను.

గొంతు ఎప్పటిలాగే వార్తలు చదివింది. విమానం వస్తే ఆగింది, పోయాక అందుకుంది. చివరికి “ఇంకొక్కటుంది” అంది. నేను జాకెట్ గట్టిగా పట్టుకున్నాను.

“అది ఆమె చదువుతుంది.”

ఈ మాట నేను నా రెండు చెవులతో విన్నాను. ఆ తర్వాత ఏమీ లేదు. ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. మొహం సరిగ్గా నా మొహానికి ఎదురుగా పెట్టి కూర్చున్నాడు.

సూదులు తీస్తుంటే రెండు కింద పడ్డాయి. నా దగ్గర ఉన్నది ఆ చావు ఒక్కటే. నోరు తెరిచాను. ఆ మొహం చూస్తూ దాన్ని చదవలేకపోయాను.

“హిమాయత్ సాగర్ బర్రె నిన్న ఇంటికొచ్చింది” అన్నాను. “ఊర్లన్నీ తిరిగి తిరిగి అలసిపోయింది. నీళ్ళు తాగి పడుకుంది.”

నవ్వు రాలేదు. ఆయన అడిగాడు.

“గొంతు గట్లైందేందే ఇయ్యాల? నిన్న, మొన్న మస్తు చదివినవ్ గదా.”

“నేనా?” అన్నాను.

“మరెవరు? సోమారం నుంచి నువ్వే చదువుతున్నవ్ గదా. ఇప్పుడు గూడ ‘ఇంకొక్కటుంది’ అని ఆగిపోయినవ్. గందుకే ఇటు తిరిగిన.”

ఫోన్ చదవలేదా అని అడిగాను.

“ఇయర్‌ఫోన్లు కనబడకుంటే ఆ ఫోన్ ముట్టలే. నువ్వు మల్ల చదువుడు షురూ చేసినవ్, ఇగ అదెందుకని స్టూల్ మీదనే పెట్టిన.”

ఒట్టు తీసి గట్టున పెట్టి మొదటిసారి ఆ ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఎంత నొక్కినా వెలగలేదు. ఛార్జింగ్ అయిపోయి ఉంది. ఎప్పుడు అయిపోయిందో తెలియదు. అదే రోజు సాయంత్రం స్వప్న నా ఫోన్‌కు చేసి, “బాపు ఫోన్ సోమారం పొద్దుగాల నుంచి స్విచాఫ్ వస్తుంది, ఏమైంది, పరేషాన్ అయితున్న” అంది.

ఆ గుమ్మం దగ్గరే కూర్చుని ఏడ్చేశాను. ఇయర్‌ఫోన్లు దాచిన సంగతి, మూడు రోజులుగా నాకు వినపడింది, అంతా చెప్పేశాను. బర్రె వార్తలు పేపర్‌లోవి కావని కూడా చెప్పాను. దానికి మాత్రం ఆయన నవ్వాడు.

“గది మొదటి దినమే ఎరుక. బర్రె బస్సు కోసం నిలబడ్డదని పేపర్ల ఎవడు రాస్తడే?”

“ఎరుకై గూడ నన్ను ఇడిసిపెట్టి దానెంబడి ఎందుకు పడ్డవయ్యా మరి?”

ఆయన మంచం నులక మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు.

“నువ్వే అంటివి. నీకు చదువుకుంట కూసుంటే గీ జాకెట్లు ఎవరు కుట్టాలె అని. పెండ్లిండ్ల సీజన్ల. గందుకే బిడ్డకు నేనే చెప్పి ఫోన్ తెప్పిచ్చిన.”

అన్నాను. ఒక్కసారి, పని ఒత్తిడిలో, సూది వేలికి గుచ్చుకున్న రోజున అన్నాను. అన్నది నాకు గుర్తు కూడా లేదు. ఆయన దాన్ని మనసులో పెట్టుకుని తన కోసం ఒక మిషన్ తెప్పించుకున్నాడు. నేనేమో ఆ మిషన్ మీద కత్తులు నూరాను.

ఇయర్‌ఫోన్లు బియ్యంలోంచి తీసి ఇచ్చాను. మెసేజ్‌లకు, ఫోన్లు చేయడానికి ఆయన ఆ గొంతునే వాడతాడు. పేపర్ మాత్రం మళ్ళీ నాది. బర్రె మళ్ళీ తిరుగుతోంది.

జరిగిందేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు తెలియకుండా నేనే చదివి ఉంటానని స్వప్న అంటుంది. పెదాల మధ్య నాలుగు సూదులు పెట్టుకుని అరగంట ఎలా చదువుతాను? మడత విప్పని పేపర్‌లో నల్లా నీళ్ళ వార్త ఉందని నాకెలా తెలుస్తుంది? పోనీ ఫోన్ చదివిందంటే అది చచ్చి పడి ఉంది. నాకు ఫోన్ గొంతు వినపడిన చోట ఆయనకు నా గొంతు వినపడింది. ఇద్దరిలో ఒకరం పొరపాటు పడ్డామనుకున్నా, బర్రె కొమ్ముకు గాజు ఉందన్న సంగతిలో ఇద్దరికీ తేడా లేదు.

ఆడబిడ్డను అడిగితే నిమ్మకాయలు కట్టమంటుంది. నేను కట్టలేదు. వద్దనుకున్నాను కూడా. ఎందుకంటే ఆ మూడు రోజుల గురించి ఆయన ఇప్పటికీ ఒక మాట అంటుంటాడు. “గా మూడు దినాలు చదివినట్టు నువ్వు ఎన్నడు చదవలే” అంటాడు. ఒక్కసారి కూడా దగ్గలేదట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నా గొంతు మీదే కుళ్ళు పుడుతుంది.

రెండు వారాలుగా ఇంకో సంగతి గమనిస్తున్నాను. నేను చదువుతుంటే విమానం వస్తుంది. నేను ఆగుతాను. ఆయన వేలు మాత్రం ఇదివరకులా పైకి లేవడం లేదు. చెవి కొద్దిగా పక్కకు పెట్టి, తలాడిస్తూ, ఊ కొడుతూ ఉంటాడు. ఒక్కోసారి పెదవి చివర నవ్వు కూడా వస్తుంది. మోత తగ్గాక నేను వదిలిన మాట దగ్గరి నుంచి అందుకుంటే చెయ్యి ఊపేస్తాడు.

“గది చదివినవ్ గదనే” అంటాడు. “ముందుకు పో.”

ఎవరు చదివారని నేను అడగను. అడిగితే నువ్వే అంటాడు.